రక్తబీజుడును ఒక చిన్న మాత్రయును

దేవీమాహాత్మ్యమునందలి రక్తబీజుని కథ మనలో విననివారుండరు. వాని మేనినుండి నేలబడిన ప్రతి రక్తబిందువునుండియు వానివంటి రాక్షసుడే మఱియొకడు పుట్టుచుండెను. ఎందఱిని నఱికిన నేమి? నఱికినకొలది వారి సంఖ్య పెరిగెనే కాని తఱుగలేదు. కడకు కాళి నాలుక చాచి, బిందువు నేలబడకమునుపే త్రాగివేయుటచేతనే యుద్ధము ముగిసెను. మన రక్తమునందే యిట్టి కథ నడపు రోగమొకటి గలదు. వైద్యులు దానిని క్రానిక్ మైలాయిడ్ లుకేమియా యందురు. అది తెల్లకణములు మితిమీఱి పెరుగు నొక విధమైన రక్తపు క్యాన్సరు. దానికి మందు దొరకిన విధమును, అందు మన హైదరాబాదు వహించిన పాత్రను ఈ మాసమున మేము చెప్పదలచితిమి.

ఎముకలలోని మజ్జయందు దినదినమును క్రొత్త రక్తకణములు పుట్టుచుండును. ఎప్పుడు పుట్టవలెనో, ఎప్పుడాగవలెనో నియమించుటకు కణములోపల కొన్ని ప్రోటీనులు గలవు. ఏబీఎల్ అనునది యట్టిది. మా స్టేషన్ ఘన్‌పూరులో రైలుకట్ట చేరువ నుండువారికి దీని పని సులభముగా బోధపడును. పచ్చదీపము వెలిగిన బండి సాగును, ఎఱ్ఱదీపము వెలిగిన నాగును. ఏబీఎల్ పని యున్నంతసేపు వెలిగి, పని తీరగనే యాఱిపోవు పచ్చదీపము వంటిది.

మన కణములలో 23 జతల క్రోమోసోములుండును. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనువారు ఈ రోగుల రక్తకణములలో నొక క్రోమోసోము మిక్కిలి పొట్టిగా నుండుట కనిపెట్టిరి. అది యేల పొట్టియయ్యెనో 1973లో తేల్చినది షికాగో విశ్వవిద్యాలయపు వైద్యురాలు జానెట్ రౌలీ. ఆమె నలుగురు కుమారుల తల్లి. క్రోమోసోముల ఛాయాచిత్రములను ఇంటి భోజనపు బల్లపై పఱచి, కత్తిరించి, జతగూర్చి చూచుచుండగా, అమ్మ కాగితపు బొమ్మలతో నాడుకొనుచున్నదని పిల్లలు పరిహసించెడివారట! 9వ క్రోమోసోము తునకయు 22వ దాని తునకయు ఒకదాని తావున నొకటి చేరినవని యామె కనుగొనెను. వంటయిల్లు చక్కబెట్టుకొను స్త్రీకి శాస్త్రముతో నేమి పని యనువారికి ఈ యొక్క యుదాహరణము చాలును.

ఆ మార్పిడిలో ఏబీఎల్ జన్యువు బీసీఆర్ అను వేఱొక జన్యువుతో నతుకుకొనును. అట్లు పుట్టిన ప్రోటీనునకు ఆఱిపోవుట తెలియదు. పచ్చదీపము రేయింబవళ్లు వెలుగుచునే యుండును. బండివెంట బండి వచ్చుచునే యుండును.

పూర్వపు మందులు పెరిగిన కణములను చంపెడివి. వానితో మంచికణములును నశించెడివి. మూలము తెలిసినపిమ్మట శాస్త్రజ్ఞులు ఆ యొక్క ప్రోటీనునే గుఱిగా నుంచుకొనిరి. దాని పనికి ఏటీపీ యను పదార్థము కావలయును. ఆ పదార్థము వచ్చి చేరుటకు ప్రోటీనునందొక చిన్న గుంట గలదు. ఇమాటినిబ్ అను మందు ఆ గుంటను ముందుగా నాక్రమించును, దీపమాఱిపోవును. రాక్షసులను నఱకుట గాక బిందువును నేలబడనీయకుండుట యన నిదియే. 2001 మే నెలలో అమెరికాలో ఈ మందునకు అనుమతి లభించెను. తొలినుండియు దీనినే పుచ్చుకొన్న వారిలో, పదేండ్ల పిమ్మట నూటికి 83 మంది జీవించియున్నట్లు 2017లో ప్రకటితమైన పరిశోధనమున తేలెను.

మందు దొరకెను, కాని వెల మాటయేమి? నొవార్టిస్ సంస్థ అమ్మిన మందునకు మన దేశమున నెలకు సుమారు 1,20,000 రూపాయలుండెను. అనేకులకు ఆ సంస్థ ఉచితముగా నిచ్చినమాటయు నిజమే. హైదరాబాదులోని నాట్కో సంస్థ 2003లో వీనాట్ అను పేర ఇదే మందును సుమారు పదవవంతు వెలకు అమ్మకమునకు తెచ్చెను. నొవార్టిస్ కోరిన పేటెంటును 2006లో చెన్నై కార్యాలయము నిరాకరింపగా వ్యాజ్యము సుప్రీంకోర్టువఱకు పోయెను. తెలిసిన పదార్థమునకు రూపు మార్చినంతమాత్రమున, దాని గుణము నిజముగా హెచ్చినట్లు చూపనిదే, క్రొత్త హక్కు చెల్లదని 2013 ఏప్రిల్ 1వ తేదీన న్యాయమూర్తులు అఫ్తాబ్ ఆలం, రంజనా దేశాయి గారలు తీర్పు చెప్పిరి.

ఇక ఇల్లాండ్రు తెలియవలసినది. ఈ రోగము అంటుకొనదు. తల్లినుండి బిడ్డకు రాదు. ఆ క్రోమోసోముల మార్పు పుట్టుకతో వచ్చినది గాక, పెరిగినపిమ్మట మజ్జలో కలిగినది. కావున రోగి కుమార్తె సంబంధమును వెనుకకు త్రిప్పుట అజ్ఞానమే కాక అన్యాయమును. విడువని నీరసము, బరువు తగ్గుట, ఎడమ ప్రక్కటెముకల క్రింద బల్ల పెరిగి కడుపు నిండినట్లుండుట దీని లక్షణములు కావచ్చును. మామూలు రక్తపరీక్షయే తొలి యనుమానమును చూపును. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వముదే.

మా యెఱుకలో నొక యిల్లాలు, అత్తవారింట తెలియునను భయమున మాత్రలను బియ్యపు డబ్బాలో దాచి, ఎవరును లేనినాడే మ్రింగెడిది. ఒంట్లో బాగుగనే యుండెను గదా యని కొన్ని దినములు మానెను కూడ. ఆఱు మాసములలో తెల్లకణములు మరల పెరిగెను. మాత్ర దిగినంతనే గుంట ఖాళీయగును, దీపము మరల వెలుగును. వైద్యులు చెప్పక మానరాదు. గర్భము ధరింపదలచినవారు ముందే వారితో మాటాడవలెను. కొందఱిలో ఆ గుంట రూపు మాఱి మందు పట్టకపోవును. అట్టివారికి డాసాటినిబ్ మొదలగు మందులు గలవు.

ఆ యిల్లాలి యత్తగారు సంగతి తెలిసినపిమ్మట ఒక్క పరుషవాక్యమైన నాడలేదు. నేడు భోజనము కాగానే మాత్రయు, పెద్ద గ్లాసెడు మంచినీళ్లును ఆమెయే స్వయముగా కోడలి చేతికందించుచున్నది.