చెట్టా, పొదా? నా ఓటు పొదకే

మా అక్కావాళ్లు మినెసొటాలో ఇల్లు కొన్నారు. ఇంటి ముందు ఏం నాటాలన్నది ఇప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో పెద్ద చర్చ. "వాకిట్లో చెట్టు లేని ఇల్లేంట్రా?" అని నాన్న పట్టు. ఆయన మనసు క్రాబ్ యాపిల్ మీదుంది. నిండా పూస్తుంది, పొట్టి రకాలు 20 అడుగులు దాటవు. నేనైతే లైలాక్ పొద అంటాను.

అక్కడ చలి ఒక్కోసారి మైనస్ 30 డిగ్రీలకు పోతుంది. రెండూ తట్టుకునేవే. దెబ్బ తగిలినప్పుడే తేడా తెలుస్తుంది. శీతాకాలపు ఎండకి లేత చెట్టు బెరడు పగలు వేడెక్కి, రాత్రి గడ్డకట్టి పగులుతుంది. కుందేళ్లు చుట్టూ బెరడు కొరికేస్తే పైభాగమంతా పోయినట్టే. మన భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్! జాలీ కట్టొచ్చు, నిజమే. ఉద్యోగం చేసుకుంటూ ఏటేటా ఎవరు కడతారు?

కుందేళ్లు లైలాక్‌నీ వదలవు. కానీ దానికి మొదట్నించే బోలెడు కాండాలు. రెండు పోయినా వేరు నుంచి పిలకలొస్తాయి. మే నెలలో వీధంతా ఘుమఘుమలాడుతుంది. ఒకటే షరతు: కత్తిరించాలంటే పూలు రాలిన వెంటనే కత్తిరించాలి. ఆలస్యమైతే వచ్చే ఏటి మొగ్గలు పోతాయి.

"వీసా సంగతే తేలలేదు, ఎన్నాళ్లుంటామో" అంటుంది అక్క. అమెరికా పల్లెల్లో ఇళ్లు కూలిపోయి, మనుషులు వెళ్లిపోయిన చోట్ల కూడా పాత లైలాక్‌లు పూస్తూనే ఉంటాయి. చూసేది మనమే కానక్కర్లేదు కదా.

నాటెయ్ అక్కా!