జట్టును కొనవచ్చు, పునాదిని కొనలేం

2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచే నైజీరియా వాడు. ఫైనల్లో 3 పెనాల్టీలు ఆపిన కట్టిమణి గోవా వాడు. కోచ్ మార్కెజ్ కుర్రాళ్ళను నమ్మాడు, నిజమే. కానీ జీతాలు ఆగేసరికి జట్టు చెదిరిపోయింది. 2023-24లో అట్టడుగున నిలిచింది. 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వేరు. కోచ్ రహీం సాబ్ ఇక్కడి పిల్లల్నే తీర్చిదిద్దారు. సికింద్రాబాద్ అమ్ముగూడ పేదింటి తులసీదాస్ బలరాం ఆయన కంట పడి 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్ దాకా వెళ్ళాడు.

బయటివాళ్ళు వద్దని నేననను. సగం మందైనా ఇక్కడివాళ్ళుంటేనే అది ఊరి జట్టు. రేపు ఏ క్లబ్ వచ్చినా ముందు మన హాస్టళ్ళ వైపు చూడాలి. మిత్రులారా! గ్రౌండు, బంతి, కోచ్... ఈ మూడూ అడుగుదాం.