నూనె లేకపోతే ఇంజను ఏమవుతుంది?

పిల్లలూ! ముందుగా ఒక చిన్న పని చెయ్యండి. మీ రెండు అరచేతులూ గట్టిగా ఒత్తిపెట్టి, ఇరవై లెక్కపెట్టేదాకా వేగంగా రుద్దండి. చేతులు చురుక్కుమన్నవి కదూ? ఇప్పుడు అరచేతిలో రెండు చుక్కలు కొబ్బరినూనె వేసుకుని మళ్లీ అలాగే రుద్దండి. ఈసారి చేతులు సులువుగా జారుతాయి, వేడి అంతగా పుట్టదు.

రెండు వస్తువులు రాసుకున్నప్పుడు కలిగే అడ్డును రాపిడి అంటారు. రాపిడి వల్ల వేడి పుడుతుంది, వస్తువులు అరిగిపోతాయి. వాటి మధ్య నూనె పొర ఉంటే రాపిడి తగ్గుతుంది. ఈ నెల మనం చెప్పుకోబోయే సంగతికంతా ఆ రెండు చుక్కల నూనే మూలం.

ఇంజనులు రాకముందే మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. సిరిసిల్ల దగ్గరి కోనరావుపేట వంటి ఊళ్లలో ఎద్దుబండ్లే దిక్కుగా ఉన్న రోజుల్లో, గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి కందెన చేసేవారు. దూరం పోవాలంటే ముందు ఇరుసుకు కందెన పెట్టి, తరువాతే ఎద్దులను కట్టేవారు. కందెన అయిపోతే బండి కిర్రుకిర్రుమని మొత్తుకునేది. సిరిసిల్లలోని మరమగ్గాలకు కూడా కదిలే భాగాలలో నూనె చుక్కలు పడుతూ ఉండాలి. లేకపోతే మగ్గం అరిగిపోతుంది. మరీ ఎక్కువ పోస్తే బట్టకు మరకలవుతాయి.

ఎద్దుబండి ఇరుసు మెల్లగా తిరుగుతుంది గనక కందెన లేకపోయినా చప్పుడు చేసి హెచ్చరిస్తుంది. కారు ఇంజను సంగతి అలా కాదు. దాని లోపల ఏం జరుగుతున్నదో చూద్దాం.

ఇంజనులో సిలిండర్లనే గుండ్రని గదులుంటాయి. ఒక్కొక్క గదిలో పిస్టను అనే లోహపు ముద్ద పైకీ కిందికీ ఆడుతుంది. గదిలో పెట్రోలు మండినప్పుడు పుట్టే వాయువుల వేడి 2000 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. ఆ వాయువులు పిస్టనును కిందికి తోస్తాయి. పిస్టనుకు తగిలించిన కడ్డీ, కింద ఉన్న క్రాంకు షాఫ్టు అనే వంకర ఇరుసును తిప్పుతుంది. ఆ తిప్పటమే చివరకు చక్రాలకు చేరుతుంది.

ఇరుసు నిమిషానికి 2000 సార్లు తిరుగుతున్నదనుకోండి. అరగంట ప్రయాణంలో ఒక్కొక్క పిస్టను 60,000 సార్లు పైకీ కిందికీ పోయి వస్తుంది! మీ చేతులు ఇరవై లెక్కపెట్టేలోపలే చురుక్కుమన్నాయి. మరి ఈ లోహాల సంగతి ఏమిటి?

ఇక్కడే నూనె వచ్చి కాపాడుతుంది. ఇంజను అడుగున ఒక తొట్టి ఉంటుంది. చిన్న కారులో అందులో సుమారు మూడు నాలుగు లీటర్ల నూనె పడుతుంది. ఒక పంపు ఆ నూనెను పీల్చి, మురికిని వడగట్టే ఫిల్టరు గుండా పంపి, సన్నని కాలువల వంటి దారుల్లో ఇంజనంతటా పారిస్తుంది. పని చేసిన నూనె మళ్లీ కిందికి జారి తొట్టిలో చేరుతుంది. మన ఒంట్లో గుండె నెత్తురును తిప్పినట్టే ఇదీను.

ఇరుసు ఆనుకుని తిరిగే చోట్లను బేరింగులంటారు. ఇరుసుకూ బేరింగుకూ మధ్య ఉండే సందు దాదాపు వెంట్రుక మందమే. అంత సన్నని సందులో నూనె ఉన్నంత మాత్రాన బరువైన ఇరుసు ఎలా నిలుస్తుంది? నూనె పక్కకు చిమ్ముకుని పోదా?

ఈ ప్రశ్నకు జవాబు తమాషాగా దొరికింది. బ్రిటనులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల రాపిడిని పరిశోధించి, 1883లో ఆ ఫలితాలు ప్రకటించాడు. ఆయన బేరింగు పైభాగాన నూనె పోయటానికి ఒక రంధ్రం చేశాడు. తీరా ఇరుసు తిరగటం మొదలుపెట్టేసరికి, పై నుంచి పోయవలసిన నూనె కింది నుంచి పైకి ఉబికి వచ్చింది! ఆయన రంధ్రానికి బిరడా పెట్టాడు. నూనె దాన్ని బయటికి తోసేసింది. కర్రమేకు కొట్టాడు. అదీ బయటికి వచ్చేసింది. అప్పుడాయన అక్కడ ఒత్తిడి కొలిచే గడియారం బిగించాడు. దాని ముల్లు చదరపు అంగుళానికి 200 పౌన్లు దాటిపోయింది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి ఇది ఇంచుమించు ఆరు రెట్లు!

దీని అర్థమేమిటి? తిరిగే ఇరుసు తనతోపాటు నూనెను సన్నని సందులోకి ఈడ్చుకుపోతుంది. అక్కడ ఇరుక్కున్న నూనె ఇరుసును పైకి ఎత్తిపడుతుంది. అంటే ఇరుసు లోహం మీద కాక, నూనె మీద తేలుతూ తిరుగుతున్నదన్నమాట. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్సు అనే శాస్త్రజ్ఞుడు దీన్ని గణితంతో రుజువు చేశాడు. నేటి కారు ఇంజనులోని బేరింగులు కూడా ఈ సూత్రం మీదనే పని చేస్తాయి.

ఇప్పుడు ఆ నూనె లేదనుకోండి. తొట్టికి రాయి తగిలి చిల్లిపడవచ్చు. అడుగున ఉన్న మర వదులై నూనె కారిపోవచ్చు. పాత ఇంజనయితే రోజూ కొంచెం కొంచెంగా నూనెను కాల్చేసి ఉండవచ్చు.

మొదట పంపు నూనెకు బదులు గాలిని పీలుస్తుంది. నూనె ఒత్తిడి పడిపోతుంది. లోహాలకు అంటుకుని ఉన్న పాత పొర కొంతసేపు ఆదుకుంటుంది, గాని క్రమంగా అదీ పలచబడుతుంది. చూపుకు నున్నగా కనిపించే లోహం మీద నిజానికి కంటికి కనపడని ఎత్తుపల్లాలుంటాయి. నూనె పొర పోగానే ఆ ఎత్తులు ఒకదానినొకటి గీక్కుంటాయి. వేడి పెరుగుతుంది. ఉన్న కాస్త నూనె ఆ వేడికి నీళ్లలా పలచనై ఇంకా తొందరగా జారిపోతుంది. దానితో రాపిడి మరింత పెరుగుతుంది.

తరువాత బేరింగుల వంతు. వాటి లోపలి పూతను కావాలనే మెత్తని లోహాలతో చేస్తారు. ఆ పూత చెదిరి కరగటం మొదలుపెడుతుంది. సందు పెద్దదై కడ్డీ ఠక్ ఠక్‌మని కొట్టుకుంటుంది. ఆ పక్కనే పిస్టను కూడా ఉబ్బుతుంది. పిస్టనును సాధారణంగా అల్యూమినియం మిశ్రమంతో చేస్తారు. వేడికి అల్యూమినియం ఇనుముకంటె సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది. గనక ఇనుప సిలిండరులో అది బిగుసుకుపోయి గోడలను గీరేస్తుంది. చివరకు లోహం లోహానికి అతుక్కుపోయి ఇంజను టక్కున ఆగిపోతుంది. మెకానిక్కులు దీన్ని "ఇంజను సీజయింది" అంటారు. ఒక్కొక్కసారి కడ్డీ విరిగి, ఇంజను గోడనే పొడుచుకుని బయటికి వస్తుంది!

ఇదంతా జరగటానికి ఎంతసేపు పడుతుంది? వేగాన్నిబట్టీ బరువునుబట్టీ ఉంటుంది. నిండుగా మనుషులతో వేగంగా పోతున్న బండిలో కొద్ది నిమిషాలు చాలు. పైగా ప్రమాదం ఇంజనుకు మాత్రమే కాదు. నడిరోడ్డు మీద ఇంజను ఆగిపోతే, ఇంజను సాయంతో తిరిగే స్టీరింగు ఒక్కసారిగా బరువెక్కుతుంది. బ్రేకును కూడా చాలా గట్టిగా తొక్కవలసి వస్తుంది. వెనక లారీ వస్తున్నదంటే ప్రాణాలకే ముప్పు.

అందుకే కారులో డ్రైవరు ఎదుట ఒక ఎర్ర దీపం అమర్చారు. దాని మీద మూతికి నూనెచుక్క ఉన్న గిండి బొమ్మ ఉంటుంది. తాళంచెవి తిప్పగానే వెలిగి, ఇంజను నడవగానే ఆరిపోతే అంతా క్షేమమే. నడుస్తున్నప్పుడు వెలిగితే మాత్రం "ఇంటిదాకా పోయి చూద్దాం" అనకూడదు. బండిని జాగ్రత్తగా పక్కకు తీసి, వెంటనే ఇంజను ఆపాలి. ఆ దీపం నూనె ఎంత ఉన్నదో చెప్పదు. ఒత్తిడి పడిపోయిందని మాత్రమే చెబుతుంది. అది వెలిగేసరికే ఇంజనుకు హాని మొదలై ఉండవచ్చు.

నూనె ఎంత ఉన్నదో చూడటానికి వేరే సాధనం ఉన్నది. అది డిప్ స్టిక్కు అనే సన్నని లోహపు కడ్డీ. బండిని చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, కొద్ది నిమిషాలు ఆగాలి. అప్పుడు పెద్దలు ఆ కడ్డీని తీసి, తుడిచి, మళ్లీ లోపలికి పెట్టి తీస్తారు. నూనె తడి రెండు గీతల మధ్య ఉంటే సరిపోయినట్టే. మరీ ఎక్కువ పోసినా మంచిది కాదు. ఇరుసు దాన్ని మజ్జిగలా చిలికి నురగ చేస్తుంది. నురగకు ఇరుసును మోసే బలం ఉండదు. తగ్గింది గదా అని నీళ్లు పోయటం అంతకన్నా పెద్ద తప్పు. నీళ్లకు ఆ చిక్కదనం లేదు, పైగా ఇనుమును తుప్పు పట్టిస్తాయి.

బండి బాడుగతోనే ఇల్లు గడిచేవారు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఇంజను పట్టేస్తే మరమ్మతుకు వేలకు వేలు కావాలి. బండి కదలని రోజుల్లో సంపాదనా ఉండదు. కొద్ది లీటర్ల నూనె ఆ ఇంటి కూటిని కాపాడుతున్నదంటే అతిశయోక్తి కాదు. కోతల కాలంలో ట్రాక్టరు పనికి పోయేముందు, "నూనె చూశావా, నాయనా?" అని మీరు అడిగితే, మీ తండ్రి మిమ్మల్ని మెచ్చుకుంటాడేగాని కోప్పడడు. అలాగే ఇంజను నుంచి తీసిన నల్లని పాత నూనెను వాగులోనూ చేనులోనూ పారబోయకూడదని కూడా చెప్పండి. అది నీటినీ నేలనూ పాడుచేస్తుంది.

ఆముదం మాట మరిచిపోయారా? మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానాలు కొన్నింటి ఇంజనులకు ఆముదమే నూనె! ఇంగ్లండులో 1909లో ఆముదం కలిపి చేసిన ఒక ఇంజను నూనెకు "కాస్ట్రాల్" అని పేరు పెట్టారు. "కాస్టర్" అంటే ఇంగ్లీషులో ఆముదమే. మన బండి ఇరుసుకు పెట్టిన నూనె ఆకాశంలో కూడా తిరిగిందన్నమాట.

రాపిడి ఇంత చెడ్డదయితే అది అసలు లేకుండా పోవటం మంచిదేనా? నూనె పోసిన నున్నని నేల మీద మీరు నడవగలరా? అగ్గిపుల్లను ఎలా వెలిగిస్తారు? బాగా ఆలోచించి ఉంచండి. వచ్చే నెల చెప్పుకుందాం.