పాటైతే రసం, నవలైతే విషమా?

సంగీత సభలో ముందు వరుసలో కూర్చుని క్షేత్రయ్య పదానికి "ఆహా!" అని తల ఊపే పెద్దమనిషి, ఇంటికి రాగానే కూతురి చేతిలో నవల చూసి, "ఈ ప్రేమలూ దోమలూ చదివి పాడైపోతున్నారు" అని విసుక్కుంటాడు. ఏమిటండీ ఈ విడ్డూరం? ప్రేమ నవలలు రాసుకుంటున్నదాన్ని కనక అడుగుతున్నాను.

ఆ పదంలో ఉన్నదేమిటి? రాని ప్రియుడి కోసం ఎదురుచూపు, వచ్చాక అలక, ఎవరింటికి వెళ్ళొచ్చాడోనని ఎత్తిపొడుపు. పదిహేడో శతాబ్దంలో మువ్వగోపాలుడి పేర క్షేత్రయ్య పాడిందీ, ఇవాళ మేం రాసేదీ ఆ సరుకే. రాగం కడితే రసమూ, అచ్చు వేస్తే చెత్తా అయిపోతుందా?

ఈ ఈసడింపు ఇవాళ్టిది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' రాసింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారంతటివారు కూడా కావ్యాన్నీ, రాసిన మనిషినీ కలిపి దుమ్మెత్తి పోశారు. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో దాన్ని పరిష్కరించి అచ్చు వేయిస్తే, తెల్లదొరల ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులుగారి చలవ వల్ల గానీ ఆ సంకెళ్ళు ఊడలేదు. ఆ నాగరత్నమ్మగారే తిరువయ్యారులో సొంత డబ్బు పోసి త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించారు. భక్తి కీర్తనకీ, శృంగార కావ్యానికీ ఆవిడ మనసులో చోటు చాలింది. మన విమర్శకులకే ఇరుకు!

"మీ హీరోలందరికీ కార్లుంటాయేం?" అని ఇంకో వెక్కిరింత. రాజకుమారుడికి తెల్ల గుర్రముంటే జానపదం, మా వాడికి కారుంటే చవకబారా? యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ'లో కారుగల రాజశేఖరాన్ని చూసినవారు, అతని ఎదుట తలవంచకుండా ఉద్యోగం చేసుకునే జయంతిని చూడలేదు కాబోలు. ఆడపిల్లలు చూశారు. అందుకే అద్దె లైబ్రరీల్లో ఆ పుస్తకాల అట్టలు ఊడిపోయేదాకా చదివారు. ఆ గిరాకీ చూసి కొందరు మగవారు ఆడపేర్లు పెట్టుకుని మరీ నవలలు రాశారు. మరి అప్పుడు చవకబారుతనం గుర్తుకు రాలేదేం?

1964లో వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి' పాటలు ఈనాటికీ కూనిరాగం తీసే పెద్దలున్నారు. ఆ కథ కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణం' నవల అని మాత్రం వాళ్ళకి ఎవరో గుర్తుచెయ్యాలి.

చెత్త నవలలు లేవా? బోలెడు. అపస్వరం పలికితే పాడినవాళ్ళని అంటాం గానీ, సంగీతాన్నే వెలివెయ్యం కదా! నవలకీ ఆ పాటి న్యాయం చెయ్యమంటున్నాను.

రాయడమూ సాధనే. వీణ నేర్చుకునేవాళ్ళు తెల్లారకముందే సరళీస్వరాలు వాయించినట్టు, మేమూ రోజూ కూచోవాలి. చుట్టాలొచ్చినా, పిల్లాడికి జ్వరమొచ్చినా వారం తిరిగేసరికి సీరియల్ భాగం అందాల్సిందే. పేజీ చివర "ఇంకా ఉంది" అన్న రెండు మాటల వెనక ఎన్ని పోపులు మాడాయో ఏ విమర్శకుడికి తెలుసు? రాసింది కొట్టెయ్యడానికి చెయ్యి రానప్పుడు నేను హిందోళం వింటాను. రిషభం లేదు, పంచమం లేదు. ఆ రెంటినీ వదిలేసి ఆ రాగం ఎంత నిండుగా ఉంటుందో! తిరిగొచ్చి రెండు పేజీలు కొట్టేస్తాను.

కనక అయ్యా, అమ్మాయి చేతిలో పుస్తకం లాక్కోకండి. పూర్తిచేశాక పక్కన కూచుని, "కథలో ఆ పిల్ల ఎందుకు లొంగలేదమ్మా?" అని అడిగి చూడండి. మీ అమ్మాయి చెప్పే జవాబు ఏ సభలోనూ మీకు వినపడి ఉండదు.