తప్పు చెవిది కాదు, గోడది

డిక్టేషన్‌లో 'సాధన'ను 'సాదన' అని రాస్తే మాకు పడే తిట్టు ఒకటే: "చెవులు ఎక్కడ పెట్టుకున్నావ్?" ఇంటికి పోతే అమ్మానాన్నలదీ అదే మాట. ఊరంతా తమిళం వినే పిల్లలకు ఒత్తులు రావని పెద్దలు తీర్మానించేశారు. తప్పులన్నీ మావి కావని నేనడం లేదు. కానీ ముందు గోడలను విచారించండి.

1895లో అమెరికాలోని హార్వర్డులో మోత ఆగని ఒక హాలును బాగుచేయమని వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించారు. అక్కడ శబ్దం ఆగినా 5.5 సెకన్లు మోగేది. ఆయన రాత్రిళ్లు ఒక థియేటరు నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి, పరిచి, కొలిచి సూత్రం కట్టాడు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చే మొత్తంతో భాగించాలి. అన్ని సెకన్లు మోత నిలుస్తుంది.

మా తరగతి 8 మీటర్ల పొడవు, 6 వెడల్పు, 3.5 ఎత్తు. అంటే 168 ఘనపు మీటర్లు. సిమెంటు గోడలు, నేల, స్లాబు కలిపి 194 చదరపు మీటర్లు. అవి నూటికి సుమారు 3 పాళ్లే పీలుస్తాయి, అంటే 6. పిల్లలం 40 మందిమి, తలా 0.3 చొప్పున 12. మొత్తం 18. జవాబు 1.5 సెకన్లు! ఇలాంటి గదికి 0.6 దాటకూడదని అమెరికా ప్రమాణం. అచ్చు గట్టిగా మోగుతుంది, హల్లు క్షణంలో పోతుంది. 'సా' మోత వచ్చి 'ధ' మీద పడితే ఏ చెవికి తెలుస్తుంది?

"మైకు పెట్టిస్తే సరి" అంటారు కొందరు. మైకు మాటతోపాటు మోతనూ పెంచుతుంది. "మేం చెట్టుకింద చదివి ఒత్తులు నేర్వలేదా?" అంటారు తాతలు. నేర్చారు తాతా, చెట్టుకింద గోడల్లేవు కదా!

0.6కు రావాలంటే పీల్చే మొత్తం 45 కావాలి. నూటికి 60 పాళ్లు పీల్చే పలకలు కప్పంతా బిగిస్తే సరిపోతుంది. అంత డబ్బు లేదంటారా? కంప్యూటరులో గది బొమ్మ గీసి, టీచరు నోటి నుంచి వేల కిరణాలు వదిలి, గోడ తగిలిన ప్రతిసారీ బలం తగ్గిస్తూ పోతే చివరి బెంచీకి ఏది ఎప్పుడు చేరిందో లెక్క తేలుతుంది. కొన్ని పలకలే ఉంటే ఎక్కడ పెట్టాలో మేకు కొట్టకముందే తెలుస్తుంది.

సెలవుల్లో గోడలకు రంగులు వేయిస్తారట. రంగు వేసినా గోడ అరుపు మానదు. మా మార్కులు కోసే ముందు ఒక్కసారి గదికి పరీక్ష పెట్టండి. ఫెయిలయ్యేది ఎవరో చూద్దాం.