రెక్కలపై మంచు

2017 సంవత్సరము డిసెంబరు 13వ తేదీ సాయంకాలము, కెనడా దేశమున అథబాస్కా సరస్సు చెంతనున్న ఫాన్-డు-లాక్ గ్రామమునుండి ఒక చిన్న విమానము 25 మందితో బయలుదేరెను. నేలను విడిచిన కొన్ని క్షణములకే అది ఎడమ ప్రక్కకు ఒరిగి చెట్లలో గూలెను. పలువురు తీవ్రముగా గాయపడిరి. వారిలో ఒకరు కొలది దినములకు మరణించిరి. మృతి యొక్కటియే యగుటచే లోకము దీనిని త్వరలోనే మఱచెను. ఇది మఱవదగినది కాదని మా యభిప్రాయము.

విమానపు రెక్క నునుపుగా నున్నపుడే గాలి దాని నంటి ప్రవహించి విమానమును పైకెత్తును. గరుకుకాగితమంత పలుచని మంచుపొర పట్టినను ఆ ప్రవాహము చెదరి, ఎత్తు శక్తి సన్నగిల్లును. ఇది వైమానికులకు క్రొత్త సంగతి కాదు. మంచు పట్టిన రెక్కలతో ఎగురరాదని కెనడా శాసనములు నిషేధించియే యున్నవి.

ఆ విమానము ఫాన్-డు-లాక్‌లో దిగుచున్నపుడే దానికి మంచు పట్టినది. ఆ సంగతి నెఱిగియు వైమానికులు దానిని తీయింపకయే బయలుదేరిరని ఆ దేశపు రవాణా భద్రతా మండలి తేల్చినది. వారి దోషమును మేము కప్పిపుచ్చము. కాని యచ్చట వారి కందుబాటులో నున్న సాధనము లెవ్వి? నిచ్చెనలు, చేతితో ద్రవమును చల్లు గొట్టము, కొలదిపాటి ద్రవము. చీకటిలో, చలిలో, అంతటి విమానమును శుభ్రపఱచుట కివి చాలునా? మండలివారు 650 మందికి పైగా వైమానికులను ప్రశ్నింపగా, మారుమూల విమానాశ్రయములలో ఈ కొఱత సర్వసామాన్యమని తెలియవచ్చెను.

ఇట్టి పాఠము ఆ దేశమునకు మొదటిది కాదు. 1989 మార్చి 10వ తేదీన ఒంటారియో రాష్ట్రమున డ్రైడెన్ పట్టణమునుండి హిమపాతములో బయలుదేరిన విమానము కూలి, అందున్న 69 మందిలో 24 మంది మరణించిరి. అచ్చటను ఇట్టి సంకటమే. యంత్రములను ఆపినచో మరల నడిపించు సాధనము డ్రైడెన్‌లో లేదు. యంత్రము నడచుచుండగా మంచు తీయింపరాదని కంపెనీ నియమము. న్యాయమూర్తి మొషాన్‌స్కీ సుదీర్ఘముగా విచారించి, 1992లో 191 సూచనలతో నివేదిక సమర్పించెను. అయినను పాతికేండ్ల పిదప ఫాన్-డు-లాక్‌లో నిచ్చెనలే దిక్కయ్యెను!

కొలదిమంది ప్రయాణికుల కొఱకై ఇంత వ్యయమేల యని కొందఱనవచ్చును. ఫాన్-డు-లాక్ డెనె జాతి యాదిమవాసుల గ్రామము. ఏడాది పొడవునను నడచు బాట దానికి లేదు. ఆసుపత్రికి పోవలెనన్నను, బంధువులను చూడవలెనన్నను ఆ ప్రజలకు విమానమే బండి. అది వారికి విలాసము కాదు. రాజధానివాసి ప్రాణమునకు నొక వెల, అరణ్యవాసి ప్రాణమునకు నొక వెల కట్టు పరిపాలన న్యాయమైనది కానేరదు.

శాసనము చేయుట సులభము. దానిని పాటించుటకు వలయు సాధనమును సమకూర్చుట కష్టము. ఆ కష్టమునకు జంకు ప్రభుత్వము, ప్రమాదము జరిగిన పిదప వైమానికునొక్కని దండించి చేతులు దులుపుకొనజూచును. మారుమూలల సాధన సంపత్తిని తనిఖీ చేసి లోపములను తీర్పుడని మండలి 2018 డిసెంబరులోనే, విచారణ ముగియకమునుపే, హెచ్చరించెను. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట వివేకము కాదు. రెండుమారులు కాలిన పిదపనైనను పట్టుకొనకుండుట అపరాధము.