పాటకి పదంగుళాల తెర, వేడికి బుల్లి లైటు

ఈ వారం నా కోపానికి కారణం ఒక తెర. మా బావమరిది కొత్త కారు కొన్నాడు. డాష్‌బోర్డు మధ్యలో పదంగుళాల తెర. ఏ పాట వస్తోందో, ఎవరు ఫోన్ చేస్తున్నారో, వెనక తలుపు సరిగా పడిందో లేదో అన్నీ చెబుతుంది. ఇంజిన్ ఎంత వేడి మీద ఉందో మాత్రం చెప్పదు. దానికో బుల్లి లైటు పెట్టారు. చల్లగా ఉంటే నీలం, కాగిపోతే ఎరుపు. ఆ రెంటికీ మధ్య ఏం జరుగుతోందో నడిపేవాడికి అనవసరమని కంపెనీవారి తీర్మానం. మొన్న ఎండలో పిల్లాపాపలతో బందరు వెళ్ళొచ్చి, "బావగారూ, బయట దొరికే డిజిటల్ గేజ్ ఒకటి పెట్టిద్దామనుకుంటున్నా, ఏది కొనమంటారు?" అని అడిగాడు. లక్షలు పోసి కొన్న బండికి మళ్ళీ వేలు పెట్టి మీటరు అతికించుకోవడం ఏమిటన్నది నా గొడవ. అయినా అడిగాడు కాబట్టి చెప్పాలి.

ఆ ఎర్ర లైటు ఎంత తీరిగ్గా వెలుగుతుందో తెలియాలంటే బెజవాడ జవహర్ ఆటోనగర్‌లో హెడ్ పనులు చేసే లేత్ షాపులో ఓ అరగంట కూర్చోవాలి. మే నెలలో వాళ్ళకి చేతినిండా పని. మేస్త్రీ అల్యూమినియం హెడ్‌ని వెల్లకిలా బల్ల మీద పెట్టి, అంటుకుపోయిన గ్యాస్కెట్ గీకి, కాగి వంగిందేమో చూడటానికి దాని మీద అడ్డంగా ఒక ఉక్కు బద్ద నిలబెడతాడు. వెనకనుంచి లైటు పట్టుకుంటాడు. బద్దకీ హెడ్‌కీ మధ్య సన్నటి వెలుగు గీత కనబడితే ఫీలర్ గేజ్ రేకులు ఒక్కోటీ దూర్చి చూస్తాడు. చాలా కార్లకి మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందమే హద్దు. ఆ పైన రేకు దూరిందంటే ఫేసింగ్ చెయ్యాలి, లేదా హెడ్డే మార్చాలి. ఇంజిన్‌లోంచి తీసిన ఆయిల్ కూలెంట్ కలిసిపోయి పాలెక్కువైన కాఫీలా ఉంటుంది. ఓనరు పక్కనే నిలబడి "లైటు వెలగ్గానే ఆపేశానండీ" అంటుంటాడు. అబద్ధం కాదు పాపం. అది వెలిగేసరికే ఆలస్యమైపోయింది.

మామూలుగా కూలెంట్ 85 నుంచి 100 డిగ్రీల మధ్య తిరుగుతుంది. 110 దాటిందంటే ఎక్కడో తేడా వచ్చినట్టే. ఫ్యాన్ తిరగడం లేదో, థర్మోస్టాట్ పట్టేసిందో, ఎవరో పుణ్యాత్ముడు కూలెంట్ బదులు బోరు నీళ్ళు పోసి రేడియేటర్‌లో పాచి కట్టించాడో. 98లో ఉన్నది 104, 107 అని ఎక్కుతుంటే చూసినవాడు ఏసీ కట్టేస్తాడు, నెమ్మదిస్తాడు, కాదంటే ఉయ్యూరులో ఏ చెట్టు కిందో ఆపుకుంటాడు. లైటు మీద ఆధారపడినవాడికి ఆ వ్యవధి దక్కదు.

పాత బండ్లలో ముల్లుండేది, అదే నయం అనేవాళ్ళు కనిపిస్తారు. పూర్తిగా నమ్మకండి. చాలా కంపెనీలు ఆ ముల్లుని కావాలనే మధ్యలో కట్టేశాయి. ఇంజిన్ వేడి ఇరవై, ముప్పై డిగ్రీలు అటూ ఇటూ అయినా అది మధ్యలోంచి కదలదు. ముల్లు కాస్త కదిలితే చాలు కస్టమర్లు షోరూముకి పరుగెత్తుకొస్తున్నారట, అందుకని. అంటే మనం నిబ్బరంగా ఉండటానికి మనకి బొమ్మ ముల్లు పెట్టారు. తరవాత ఆ బొమ్మ కూడా దండగనుకుని లైటుకి దిగారు.

విడ్డూరమేమిటంటే అసలు అంకె బండిలోనే ఉంది. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర, పదహారు పిన్నుల సాకెట్ ఒకటుంటుంది. ఓబీడీ పోర్టు అంటారు. అమెరికాలో 1996 నుంచి ప్రతి కొత్త కారుకీ తప్పనిసరి చేశారు. మన దేశంలో బీఎస్-4 కాలుష్య నిబంధనల కార్లకి ఓబీడీ-2 వచ్చింది 2013 ఏప్రిల్‌లో. బీఎస్-4 మొదలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఉంది, బెజవాడ లేదు. దేశమంతటికీ అది అమలైంది 2017 ఏప్రిల్‌లో. కాబట్టి మన రిజిస్ట్రేషన్ పాత బండ్లలో ఈ వసతి లేనివి ఇంకా తిరుగుతున్నాయి. ఉన్న బండ్లలో సంగతి చాలా సులువు. ఇంజిన్ కంప్యూటర్‌ని వేడెంత అని అడిగితే ఒక సంఖ్య పంపిస్తుంది. అందులోంచి 40 తీసేస్తే డిగ్రీలు. ఇంత చిన్న తీసివేత ఆ పదంగుళాల తెరకి చేతకాకనా?

సరే, ఏది కొనాలి. అన్నిటికన్నా చవక బ్లూటూత్ ముక్క. ఈఎల్ఎమ్-327 అన్న పేరుతో కొన్ని వందలకే దొరుకుతుంది. పోర్టులో గుచ్చి ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే అంకెలొస్తాయి. ఆ పేరుతో అసలు చిప్పు తయారుచేసిన కెనడా కంపెనీ 2022లో మూతపడింది. బజార్లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం నకళ్ళే. కొన్ని బాగానే పనిచేస్తాయి, కొన్ని సగం బండ్లతో మాట్లాడవు. వీటి పాస్‌వర్డు సాధారణంగా 1234. ముక్కని పోర్టులోనే వదిలేస్తే పక్కన పార్కు చేసినవాడు కూడా మీ బండితో మాట్లాడొచ్చు. ఆ సాకెట్‌లో ఒక పిన్నుకి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, తాళం తీసినా సరే. పదిహేను రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి బ్యాటరీ దిగిపోయిందంటే దొంగ ఎక్కడున్నాడో వెతకనక్కర్లేదు. పైగా ఫోను మ్యాపులకీ, మాటలకీ పోగా మిగిలిన టైములో మీటరవుతుంది. రోజూ వాడకానికి నేను దీన్ని ఒప్పుకోను.

రెండోది అదే పోర్టులో గుచ్చుకుని, తనకంటూ చిన్న తెర ఉన్న గేజ్. మావాడి లాంటి కొత్త బండ్లకి ఇదే నా ఓటు. షాపువాడు ముందు రంగులు చూపిస్తాడు, ముళ్ళు గిర్రున తిరిగే బొమ్మలు చూపిస్తాడు. అవన్నీ పక్కన పెట్టమని, "అలారం మనం పెట్టుకోవచ్చా?" అని అడగాలి. 106 అనో 108 అనో మనం నిర్ణయించిన అంకె దగ్గర గట్టిగా కుయ్యిమనాలి. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో కళ్ళు ఆటోల మీద పెట్టాలి గానీ మీటరు మీద కాదు. బండి ఆపాక దానంతటది నిద్రపోతుందా అని రెండో ప్రశ్న. బ్యాటరీ వోల్టేజి చూపిస్తుందా అని మూడోది. బండి నడుస్తుండగా 13.8కీ 14.5కీ మధ్య ఉంటే ఆల్టర్నేటర్ బాగున్నట్టు. లోపల లిథియం బ్యాటరీ ఉన్నదైతే వద్దు. మన వేసవిలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద అది బతికి బట్టకట్టదు. రెండు వైపులా గమ్మున్న టేపు కూడా జూన్‌లోపే జారిపోతుంది. స్క్రూ క్లాంపు ఉన్నది చూసుకోవాలి. వైర్లు కోసి కలుపుతానంటే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపండి. వారంటీ ఇవ్వబోమనటానికి ఎదుటివాళ్ళకి మనమే కారణం అందించినట్టవుతుంది.

ఇంతా చేసి దీన్లో ఆయిల్ ప్రెషర్ రాదు. చాలా కార్లలో ఇంజిన్ కంప్యూటర్‌కే ఆ అంకె తెలీదు. అక్కడున్నది ఉత్త స్విచ్చి. ఉందా లేదా అన్నంతవరకే చెబుతుంది. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సార్ నీళ్ళలో కాక ఆవిరిలో వేలాడుతూ తక్కువ వేడి చూపించడం కూడా ఉంది. ఆ భయమున్నవాళ్ళూ, పోర్టే లేని పాత డీజిల్ బండి మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళూ సొంత సెన్సార్లున్న గేజ్‌కి వెళ్ళాలి. ఇంజిన్ బ్లాకులో ఆయిల్ స్విచ్చి ఉన్నచోట టీ జాయింటు వేసి ప్రెషర్ సెన్సార్, రేడియేటర్ పై గొట్టంలో ఇంకొకటి. ఇది చెయ్యి తిరిగిన మేస్త్రీ పని. ఆటోనగర్‌లో అలాంటివాళ్ళకి కొదవ లేదు.

కొదవ ఉన్నది వాళ్ళకి దక్కాల్సిన సమాచారానికి. ఈ మాట ఈ శీర్షికలో ఇదివరకు కూడా అన్నాను, మళ్ళీ అంటాను. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. నేరమేమిటంటే విడిభాగాలూ, రోగం కనిపెట్టే స్కానర్లూ, మాన్యువళ్ళూ బయట మెకానిక్‌కి అందకుండా బిగించడం. పదేళ్ళు దాటింది. అప్పీళ్ళ మీద అప్పీళ్ళు. 2022 జూలైలో కేంద్రం రైట్ టు రిపేర్ కమిటీ వేసింది, ఆ డిసెంబరులో పోర్టల్ తెరిచింది. పోర్టల్ వల్ల ఆటోనగర్ మేస్త్రీకి ఏం ఒరిగిందో పోర్టల్ పెట్టినవాళ్ళు చెప్పాలి. వేడి, వోల్టేజి లాంటి మామూలు అంకెలు ఎవడడిగినా బండి చెబుతుంది, అది చట్టం పుణ్యం. బీఎస్-6 డీజిల్ బండిలో పొగ ఫిల్టరు ఎంత నిండిందో అడగండి. అది ఒక్కో కంపెనీకి ఒక్కో గుప్తభాష. పటమటలో ఇల్లు, గవర్నరుపేటలో ఆఫీసు, రోజూ ఆ కాస్త దూరమే తిరిగే డీజిల్ కారుకి ఆ ఫిల్టరు నిండటం ఖాయం. హైవే మీద కాసేపు పరుగెత్తిస్తే దానంతటదే కాలి శుభ్రపడుతుంది. కానీ ఎప్పుడు పరుగెత్తించాలో చెప్పే అంకె ఓనరుకి ఇవ్వరు. లైటు వెలిగాక షోరూముకి రమ్మంటారు, అక్కడ బిల్లు ఇస్తారు.

పెట్రోలు సంగతీ ఇంతే. ఇరవై శాతం ఇథనాల్ పోస్తున్నారు. మైలేజీ పడిపోయిందని జనం, అబ్బే ఏమీ లేదని పెద్దలు. పది శాతం ఇథనాల్‌కి (ఈ10) సరిచేసిన పాత కార్లలో 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే రాసుకున్నారు. వాదన అక్కర్లేదు. గేజ్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అని ఒకటుంటుంది. ఇంజిన్ తన లెక్క కన్నా ఎంత శాతం ఎక్కువ పెట్రోలు పోసుకోవాల్సి వస్తోందో అది చెబుతుంది. నెలనెలా రాసిపెట్టుకోండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళకి మాత్రం ఆ చవక బ్లూటూత్ ముక్కే చాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరదకి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్లో నీళ్ళలో నానిన కార్లు ఎన్నో. నీళ్ళు తగ్గీ తగ్గకముందే తాళం తిప్పి ఇంజిన్ పట్టేయించుకున్నవాళ్ళున్నారు. మామూలు పాలసీ ఆ నష్టానికి రాదని, ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా కట్టి ఉండాల్సిందని వాళ్ళకి ఆ రోజే తెలిసింది. ఆ బండ్లలో కొన్ని సీట్లు మార్చుకుని, సెంటు పూసుకుని అమ్మకానికి వచ్చాయి. వంగి ఆ సాకెట్ పిన్నులు టార్చి వేసి చూడండి. పచ్చటి చిలుమో, మూలల్లో ఎండిన ఒండ్రో ఉంటే ఇంక మాట్లాడక్కర్లేదు. శుభ్రంగా ఉన్నా గుచ్చి చూడండి. తప్పుల కోడ్‌లు చెరిపేశాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా బండ్లు గుర్తుపెట్టుకుంటాయి. లక్ష కిలోమీటర్ల బండి అక్కడ 6 అని చూపించిందనుకోండి, నిన్న సాయంత్రం ఎవరో చెరిపారన్నమాట.

వరద మాటొస్తే నా కడుపు మండేది కార్ల గురించి కాదు. ఆ సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది. 2009 అక్టోబరు రికార్డుని దాటేసింది. ఆ అంకె గంట గంటకీ ఊరంతటికీ తెలుసు. 3.97 లక్షలు దాటితే మొదటి హెచ్చరిక, 5.69 దాటితే రెండోది, కృష్ణ ఒడ్డున చిన్నపిల్లలకీ కంఠతా. డెల్టాలో కాలవ లాకుల దగ్గర గోడ మీద అడుగుల గీతలు చూసి నీళ్ళు వదిలిన లస్కర్ల కాలం నుంచీ అంకె చూసి కదలడం మనకి అలవాటే. బుడమేరు దగ్గరికొచ్చేసరికి ఆ అలవాటు ఏమైంది? వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నీరు ఎంత ఎత్తున ఉందో, డైవర్షన్ కాలవ ఎంత మొయ్యగలదో, ఎంత వస్తోందో, గట్లు తెగకముందు సింగ్‌నగర్‌లో ఎవరికి తెలుసు? కాలవకి మూడు గండ్లు పడ్డాయి. సైన్యం కూడా వచ్చి, సెప్టెంబరు 7కి గానీ పూడ్చలేకపోయారు. అక్కడి జనానికి దక్కింది మా బావమరిది కారులో ఉన్నలాంటి లైటే. ఇంట్లోకి నీళ్ళొచ్చాక వెలిగింది.

నైరుతి రావడానికి ఎక్కువ రోజుల్లేవు. బందరు రోడ్డు మీద నగల దుకాణాల ప్రకటనలు వెలిగే తెరలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఓ మూల వెలగలేరు నీటిమట్టం గంటకోసారి వెయ్యాలని, అదే అంకె నందమూరినగర్, వాంబే కాలనీ ఫోన్లకి ఎస్సెమ్మెస్‌గా పంపాలని కార్పొరేషన్‌కీ, జలవనరుల శాఖకీ కాగితం రాసి ఈ వారమే ఇచ్చొచ్చాను. రసీదు ఇచ్చారు. నంబరు మాత్రం తరవాత వేస్తామన్నారు.

– బాటసారి